గోడ వెనుక మట్టి లెక్క కట్టిన కూలుంబ్

రాయచూరు కోట పడమటి వైపు లోపలి గోడలో నలభై అడుగులకు పైగా పొడవున్న ఒక బండరాయి ఉంది. దాని మీద ఉన్నది తెలుగు శాసనం. శక సంవత్సరం 1216లో, అంటే క్రీ.శ. 1294లో, గోరె గన్నయరెడ్డి ఆజ్ఞ మీద విఠలనాథుడు ఈ కోట కట్టించాడని అందులో ఉంది. ఆ రాయిని బండి మీదికి ఎక్కించి పశువులతో లాగించిన బొమ్మ కూడా అక్కడే చెక్కారు. మనం ఈ జిల్లాకు నిన్న మొన్న వచ్చినవాళ్లం కామని పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడల్లా సంఘం తరఫున ఆ రాతి దగ్గరికే తీసుకువెళతాం.

ఈసారి రాస్తున్నది శాసనం గురించి కాదు, గోడ గురించి. 1520లో కృష్ణదేవరాయలు ఈ కోటను ముట్టడించిన సంగతిని వివరంగా రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్, ఇక్కడి గోడలు సున్నం లేకుండా పెద్ద రాళ్లతో కట్టినవనీ, వాటి లోపల మట్టి కూరి ఉందనీ రాశాడు. రాయల సైనికులు గోడలోంచి రాళ్లు పెకలించి తెస్తే రాయి పరిమాణాన్ని బట్టి డబ్బు ఇప్పించాడని కూడా రాశాడు. లోపల మట్టి కూరిన గోడకు శత్రువు బయట మాత్రమే ఉండడు. వెనకున్న మట్టి రాత్రీ పగలూ దాన్ని ముందుకు నెడుతూనే ఉంటుంది. ఆ తోపుడు ఎంత అన్నది విఠలనాథుడి మేస్త్రులకు చేతివాటం వల్ల తెలుసు. ఒక పద్ధతి ప్రకారం లెక్క కట్టి రాసినవాడు మాత్రం ఆ శాసనం చెక్కిన 479 ఏళ్ల తర్వాత వచ్చాడు. అతనూ కోటలు కట్టే మనిషే. పేరు చార్లెస్ అగస్టిన్ కూలుంబ్.

ఆ పేరు వినగానే ఇంటర్మీడియట్ చదివిన పిల్లలు విద్యుదావేశాల సూత్రం అప్పజెబుతారు. విద్యుదావేశానికి ప్రమాణం కూడా కూలుంబే. అందరికీ తెలిసిన ఆ కూలుంబే ఈ గోడల కూలుంబ్ అని నాకు చాలాకాలం తెలియదు. నేను ఇంజనీరును కాను. గుమస్తాగా ఎస్టిమేట్లు టైపు చేసి రిటైరయినవాణ్ణి. రిటైనింగ్ వాల్, బ్యాక్‌ఫిల్, వీప్ హోల్స్ అనే మాటలు వేలసార్లు నా వేళ్ల కింద నుంచి పోయాయి. వాటి వెనకున్న మనిషి గురించి తీరిక దొరికాక చదువుకున్నాను. చదివినదాంట్లో మన ఇళ్లకు పనికొచ్చేది ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

కూలుంబ్ 1736 జూన్ 14న ఫ్రాన్సులోని అంగులేం పట్టణంలో పుట్టాడు. కుటుంబం పారిస్ చేరాక అక్కడి మంచి కాలేజీలో లెక్కలు, ఖగోళం రుచి చూశాడు. తండ్రి వ్యాపారపు పందేల్లో డబ్బు పోగొట్టుకుని మోంపెల్యే ఊరికి వెళ్లిపోయాడు. తల్లికి కొడుకు వైద్యుడు కావాలని. కొడుక్కి లెక్కలే కావాలి. మాటా మాటా పెరిగి తల్లి అతన్ని వదిలేసింది. అతను తండ్రి దగ్గరికి వెళ్లాడు. ఇరవై ఒకటో ఏట మోంపెల్యే విజ్ఞాన సంఘంలో సభ్యుడయ్యాడు గానీ సంఘాలు అన్నం పెట్టవు. ఇంట్లో డబ్బు లేని, లెక్కలు వచ్చిన కుర్రవాడికి ఆ రోజుల్లో గౌరవంగా బతికే దారి సైన్యంలో ఇంజనీరు కావడం. 1760లో మెజియేర్ ఇంజనీరింగు పాఠశాలలో చేరి మరుసటి ఏడాది లెఫ్టినెంటుగా బయటికొచ్చాడు. అక్కడ అతనికి లెక్కలు చెప్పిన గురువు బోసూ. ఈ పేరు మళ్లీ వస్తుంది.

మొదట బ్రెస్ట్ రేవులో మామూలు ఉద్యోగం. 1764లో మార్తినీక్ ద్వీపానికి వెళ్లవలసిన ఇంజనీరు జబ్బు పడితే, అతని బదులు కూలుంబ్‌ను ఓడ ఎక్కించారు. మార్తినీక్ కరీబియన్ సముద్రంలో ఉంది. చెరకు తోటల్లో బానిసల చేత చాకిరీ చేయించి చక్కెర తీసే ద్వీపం. 1762లో ఇంగ్లీషువాళ్లు దాన్ని పట్టుకున్నారు, 1763 సంధిలో తిరిగి ఇచ్చారు. మళ్లీ పోకుండా గట్టి కోట కట్టాలని ఫ్రాన్సు నిర్ణయించింది. కోట గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, అది కాపాడవలసింది ఆ చక్కెర వ్యాపారాన్నే అన్నది కూడా చెప్పుకోవాలి.

ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడి చేతికి కొండ మీద కట్టే ఆ ఫోర్ట్ బూర్బోన్ పని వచ్చింది. ఎనిమిదేళ్లు అక్కడే. రాయి తవ్వించడం, మట్టి తోడించడం, కందకాలు, నేలమాళిగలు, ఎత్తయిన గోడలు, వాటి వెనుక వేల బండ్ల మట్టి. ఎండ, తేమ, జ్వరాలు. చాలాసార్లు చావు దాకా వెళ్లి వచ్చాడు. అక్కడ పోగొట్టుకున్న ఆరోగ్యం మళ్లీ పూర్తిగా తిరిగి రాలేదు. పని చేసే మనుషులను కూడా గమనించాడు. ఫ్రాన్సులో ఒక మనిషి రోజుకు చేసే పనిలో సగం కూడా ఆ ఉక్కలో చేయలేడని చాలా ఏళ్ల తర్వాత మనుషుల శ్రమ మీద రాసిన వ్యాసంలో నమోదు చేశాడు. మే నెలలో రాయచూరులో కాంక్రీటు పని చేయించినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పుస్తకంలో నేర్చుకున్న గోడల సూత్రాలు ఆ కొండ మీద సరిపోలేదు. గోడ ఎంత మందం కట్టాలి? తక్కువైతే కూలుతుంది, ఎక్కువైతే ఖజానా మునుగుతుంది. దానికి అంతవరకు పెద్దల వాడుకే ఆధారం. కూలుంబ్ తన పని కోసం తనే లెక్కలు వేసుకుని కాగితాల మీద రాసుకున్నాడు. 1772లో స్వదేశం వచ్చాక వాటిని సరిచేసి, 1773 మార్చి, ఏప్రిల్ నెలల్లో పారిస్‌లో సైన్స్ అకాడమీ ముందు చదివాడు. పరిశీలించిన ఇద్దరిలో ఒకరు పాత గురువు బోసూ, రెండోవారు బోర్దా. ఇద్దరూ మెచ్చుకున్నారు. 1776లో అచ్చయింది. మొత్తం నలభై పేజీలు. దూలాలు, స్తంభాలు, కమానులు, గోడలు అన్నీ అందులోనే.

గోడ లెక్క ఎలా ఉంటుందో మన ఇంటి ముందున్న ఇసుకతోనే చెప్పుకోవచ్చు. లారీ ఇసుక కుమ్మరిస్తే కుప్ప ఒక వాలు దగ్గర ఆగుతుంది. పొడి ఇసుకకు అది నేల నుంచి సుమారు 30 డిగ్రీలు. అంతకంటే నిటారుగా నిలబడదు. ఆ కుప్పను నిటారుగా నిలపాలంటే ముందు గోడ కావాలి. ఇప్పుడు గోడ ఒక్క పిసరు ముందుకు జరిగిందనుకోండి. వెనకున్న ఇసుక మొత్తం కదలదు. గోడ అడుగు నుంచి వెనక్కి ఏటవాలుగా ఒక గీత మీద తెగి, గోడకూ ఆ గీతకూ మధ్యనున్న ఇసుక మాత్రం మేకు ముక్కలా, పైన వెడల్పు కింద సన్నం, కిందికి జారుతూ గోడను నెడుతుంది. మిగతా ఇసుక ఉన్నచోటే ఉంటుంది.

అయితే ఆ గీత ఎక్కడ? అంతకు ముందు కొందరు ఇసుక సహజంగా ఆగే వాలు దగ్గరే తెగుతుందని అనుకున్నారు. కూలుంబ్ అలా ముందే అనుకోలేదు. అన్ని గీతలూ వరుసగా పరీక్షించాడు. గీత మరీ నిటారుగా ఉంటే జారే ముక్క చిన్నది, బరువు తక్కువ, తోపుడూ తక్కువే. మరీ పడుకున్నట్టు ఉంటే ముక్క పెద్దదే గానీ రాపిడి దాన్ని పట్టి ఉంచుతుంది, తోపుడు మళ్లీ తక్కువే. ఈ రెంటి నడుమ ఎక్కడో ఒకచోట తోపుడు అన్నిటికంటే ఎక్కువ. గోడ తట్టుకోవలసింది దాన్నే. 30 డిగ్రీల ఇసుక, నిటారు నున్నటి గోడ, పైన చదునైన నేల అయితే ఆ గీత నేలకు 60 డిగ్రీల దగ్గర పడుతుంది. అంటే కుప్ప వాలుకూ నిటారు గోడకూ సరిగ్గా మధ్యన. ఇంత చిన్న ఆలోచన అంతకు ముందు ఎవరికీ ఎందుకు తట్టలేదా అనిపిస్తుంది. తట్టడానికి ఎనిమిదేళ్లు మట్టిలో నిలబడాలేమో.

మట్టికి రెండు రకాల బలం ఉందని కూడా ఆయన విడమరిచాడు. ఒకటి రాపిడి. పైన బరువు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. రెండోది జిగి, మట్టి తనలో తాను అంటిపెట్టుకునే గుణం. కదలని పాత నేలకు జిగి ఉంటుంది. కొత్తగా తవ్విపోసిన మట్టికి జిగి ఉందని నమ్మి గోడ కట్టకూడదు, దాన్ని సున్నా కింద లెక్క వేయాలి. ఈ ఒక్క జాగ్రత్త ఎన్ని గోడలను కాపాడిందో లెక్క లేదు.

గోడ వెనక్కి జరిగితే ఏమవుతుందో కూడా అదే వ్యాసంలో ఉంది. అప్పుడు ఇసుక మేకు పైకి లేవాలి, రాపిడి ఈసారి గోడకు ఎదురు నిలుస్తుంది. ఈ తేడా ఎంతో ఒక ఉదాహరణ వేసి చూశాను. మూడు మీటర్ల ఎత్తు గోడ, పొడి ఇసుక ఘనపు మీటరుకు 1.6 టన్నులు అనుకుందాం. గోడ కాస్త ముందుకు ఒరిగితే ఒక్కో మీటరు పొడవున దాదాపు రెండున్నర టన్నుల తోపుడు పడుతుంది. గోడ అసలు కదలకుండా బిగుసుకుని ఉంటే మూడున్నర టన్నుల పైన. అదే గోడను ఇసుకలోకి నెట్టాలంటే ఇరవై టన్నులు దాటుతుంది. ఇసుక అదే, ఎత్తూ అదే. గోడ ఎటు కదిలిందన్నదే తేడా. కొద్దిగా ముందుకు ఒరిగే గోడ మీద భారం తగ్గడానికి కారణం, ఇసుక రేణువులు కదిలాకే ఒకదాన్నొకటి పట్టుకుని తమ బరువులో కొంత తామే మోసుకుంటాయి.

నీటి సంగతీ ఆయన వదల్లేదు. గోడకూ మట్టికీ మధ్య నీరు చేరితే తోపుడు మారిపోతుందనీ, గోడ అడుగున పెట్టే నీటి దారులు కొట్టుకొచ్చిన మట్టితోనో చలికాలపు మంచుతోనో మూసుకుపోతుంటాయనీ హెచ్చరించాడు. ఇందాకటి మూడు మీటర్ల గోడ వెనుక నీరు పైదాకా నిండితే రెండున్నర టన్నులు ఆరు టన్నులకు దగ్గరవుతుంది. మనకు మంచు బెడద లేదు గానీ వీప్ హోల్స్‌లో సిమెంటు ముద్దలు కుక్కే మేస్త్రులకు కొదవ లేదు. పైగా మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. కూలుంబ్ లెక్క ఇసుకకు, మొరానికి చెల్లుతుంది. ఉబ్బే రేగడికి అలాగే వాడితే చెల్లదు. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి క్యాంపుల్లో నేల ఎత్తు చేసి కట్టిన ఇళ్ల గోడలు ముందుకు వాలి ఉండటం మీరూ చూసే ఉంటారు. తవ్విన రేగడినే గోడ వెనుక తిరిగి పోస్తే అంతే. ఇసుకో మొరమో పోసి, గోడను ఆనించి కంకర పేర్చి, నీటి దారులు వదలడానికి అయ్యే ఖర్చు, కూలిన గోడ మళ్లీ కట్టే ఖర్చులో ఎంతో కొంచెం. గోడ నీడన పిల్లలు ఆడుకుంటారు, పశువులను కడతాం. అది కూడా లెక్కలో వేసుకోవాలి.

వ్యాసం అచ్చయినా కూలుంబ్ ఉద్యోగం ఊళ్లు మారుతూనే సాగింది. షెర్బూర్, బెజాన్సోన్, 1779లో రోషెఫోర్ రేవు. దిక్సూచి సూదిని సన్నటి దారానికి వేలాడదీసే పద్ధతికి 1777లో అకాడమీ బహుమతి పంచుకున్నాడు. రోషెఫోర్ ఓడల కార్ఖానాలో చెక్క మీద చెక్క, లోహం మీద లోహం జారేటప్పుడు రాపిడి ఎంతో కొలిచి 1781లో ఇంకో బహుమతి గెలిచాడు. ఆ ఏడాది చివర అకాడమీ సభ్యుడయ్యాడు. పారిస్‌లో స్థిరపడ్డాడు.

1783లో బ్రెతాన్ ప్రాంతంలో ఓడల కాలువల పథకాన్ని పరిశీలించమని పంపారు. ఖర్చుకు తగ్గ ఫలం లేదని రాశాడు. పైవాళ్లకు కావలసిన జవాబు అది కాదు. ఫలితంగా ఆ నవంబరులో వారం రోజులు జైల్లో ఉండవలసి వచ్చింది. మళ్లీ పంపి మళ్లీ అడిగారు, మళ్లీ అదే రాశాడు. చివరికి అక్కడివాళ్లకు ఆయన మాటే నిజమని తెలిసి ఘనంగా కానుక ఇవ్వబోతే సెకన్ల ముల్లు ఉన్న గడియారం ఒక్కటి పుచ్చుకున్నాడని, దాన్ని తన ప్రయోగాలకు వాడుకున్నాడని చెబుతారు. ఫైళ్ల మధ్య బతికినవాడిగా చెబుతున్నాను, పైవాళ్లు అడిగిన నోటు రాయకుండా ఉన్నది ఉన్నట్టు రాసే అధికారి ఎంత అరుదో, ఆ గుమ్మాలు తొక్కినవాళ్లకే తెలుస్తుంది.

ఆయనకు లోకమంతా పేరు తెచ్చిన పని 1785లో మొదలైంది. సన్నటి తీగ మెలితిరిగే బలంతో విద్యుదావేశాల మధ్య ఆకర్షణ, వికర్షణ కొలిచాడు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు అవుతుందని తేల్చాడు. ఇది మీ పిల్లల పుస్తకాల్లో వివరంగా ఉంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను. ఒక్కటి చెప్పాలి. గోడైనా తీగైనా ఆయన పద్ధతి ఒకటే. పెద్ద బలాన్ని చిన్న కదలిక దగ్గర పట్టుకోవడం.

1789లో విప్లవం వచ్చింది. 1791లో సైన్యం నుంచి పింఛనుతో వైదొలిగాడు. 1793లో అకాడమీనే రద్దు చేశారు. కొలతలూ తూనికల సంఘం నుంచి ఆయన్నీ, బోర్దానూ, లవోయిజేనూ, లాప్లాస్‌నూ తీసేశారు. లవోయిజే తల మరుసటి ఏడాది గిలెటిన్ కింద తెగింది. కూలుంబ్, బోర్దా ఇద్దరూ పారిస్ వదిలి బ్లోయా దగ్గర ఉన్న కూలుంబ్ ఇంటికి వెళ్లి తలదాచుకున్నారు. ఇరవై ఏళ్ల కిందట తన గోడ వ్యాసాన్ని పరీక్షించినవాడితో కలిసి ఆ గడ్డుకాలం గడిపాడు. 1795లో కొత్త ఇన్‌స్టిట్యూట్ ఏర్పడ్డాక తిరిగి పిలిచారు. చివరి నాలుగేళ్లు విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పాఠశాలలు పెట్టించడంలో గడిపాడు. మార్తినీక్ నుంచి వెంట తెచ్చుకున్న అనారోగ్యం వదలకుండానే 1806 ఆగస్టు 23న పారిస్‌లో కన్నుమూశాడు. డెబ్బై ఏళ్లు. ఇద్దరు కొడుకులు.

ఆయన కట్టిన కోట 1794లో ముట్టడి తర్వాత ఇంగ్లీషువాళ్లకు లొంగింది, మళ్లీ ఫ్రాన్సు చేతికొచ్చింది, దెజే అని పేరు మారింది. ఆయన పోయిన మూడేళ్లకు 1809లో రోజుల తరబడి ఫిరంగి దెబ్బలు తిని మళ్లీ లొంగింది. పేరు మాత్రం పెరుగుతూ పోయింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభ ప్రమాణానికి ఆయన పేరు పెట్టింది. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఉంది.

గోడ లెక్కలో ఒక ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. ఇసుక తోపుడు తగ్గాలంటే గోడ కదలాలి సరే, ఎంత కదలాలి? దానికి కూలుంబ్ వ్యాసంలో జవాబు లేదు. ప్రాగ్‌లో పుట్టిన కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీరు మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఇస్తాంబుల్‌లోని రాబర్ట్ కాలేజీలో పాఠాలు చెబుతూ, పాత సిగార్ పెట్టెల్లాంటి వాటితోనే ప్రయోగ సామాను చేసుకుని ఈ ప్రశ్న పట్టుకున్నాడు. తర్వాత అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పెద్ద గోడ కట్టి, వెనుక ఇసుక పోసి, గోడను తిప్పుతూ కొలిచి 1934లో ఫలితాలు అచ్చు వేశాడు. గట్టిగా కూరిన ఇసుక అయితే గోడ ఎత్తులో వెయ్యో వంతు కదిలితే చాలు. మన మూడు మీటర్ల గోడకు మూడు మిల్లీమీటర్లు, దాదాపు రెండు రూపాయి బిళ్లల మందం. వదులుగా పోసిన ఇసుకకు అంతకు కొన్ని రెట్లు కావాలి. గోడ పైభాగాన్ని కదలనివ్వకుండా బిగించి, కింది భాగం మాత్రం ఒరిగితే తోపుడు కూలుంబ్ చెప్పినట్టు కింద పోగుపడకుండా పైకి మారుతుందని కూడా ఆయన చూపించాడు. నేల కింద రైలు మార్గాల కోసం తవ్విన కందకాల్లో పై అడ్డదూలాల మీద భారం ఎక్కువ పడటానికి కారణం ఇదే.